గురువారం జోడీ

"బూట్లు ఎక్కడ దాచినవో చెప్పు తాతా. క్లాసుకు టైం అయితున్నది," మనాలి మళ్ళీ అడిగింది.

"దాచలే. పైన పెట్టిన," అన్నాడు పెద్దయ్య.

"దాచుడు, పైన పెట్టుడు ఒకటి కాదా?"

"కాదు. దాస్తే కనవడవు. తలకాయ లేపి చూడు, కనవడ్తయి."

నిజమే, కనిపిస్తూనే ఉన్నాయి. ఒంటిగది ఖోలీలో సగం మేర కప్పిన చెక్క అటక మీద, పెద్దయ్య మేస్త్రీ పని మానేసిన నాటి నుంచి బోర్లించి ఉన్న, సిమెంటు మోసే ఇనుప గమేళాల మీద, రెండు జతల నల్లబూట్లు పక్కపక్కనే కూర్చుని ఉన్నాయి. ఒక జత అత్త వజ్రమ్మది, ఒక జత కోడలు సపనది. నిచ్చెన మాత్రం పెద్దయ్య కుర్చీకీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉంది. ఆ కుర్చీ గుమ్మానికి అడ్డంగా ఉంది. కుర్చీలో ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఇయ్యాల ఎవ్వరు ఏడికి పోరు," అన్నాడు.

"తాతా, ప్లీజ్ యార్..."

"యార్ గీర్ అనకు. ఆదివారం మనోళ్ళ సమాజం మీటింగుల అంతమంది ముంగట బుచ్చన్న ఏమన్నడో తెల్సా? 'ఏందన్నా, మా వదిన గీ వయసుల నాచ్ నేర్చుకుంటున్నదంట' అన్నడు. అందరు నవ్విన్రు. అబద్ధం అనుకొని నేను గూడ నవ్విన. ఇంటికొచ్చి అడిగితే నిజమేనంటిరి."

"అది నాచ్ కాదు, థెరపీ. డాక్టరే పంపిండు. నానమ్మ అసుంటోళ్ళు, వాళ్ళను చూస్కునేటోళ్ళు జోడీగ పోవాలె. హాల్ నిండ ముసలోళ్ళే ఉంటరు తాతా."

"మరి నాకు కసరత్తు అని ఎందుకు చెప్పిన్రు?"

 ఆ మాట చెప్పింది మనాలే. తాత ఒప్పుకోడని తెలిసి, వానాకాలం మొదట్లో, తల్లినీ నానమ్మనూ వెనక నిలబెట్టి, నవ్వకుండా చెప్పింది.

"మనం ఏ గల్లీల ఉంటమో మర్చిపోయినవా?" పెద్దయ్య గొంతు తగ్గించాడు. తగ్గించినప్పుడే ఆయన మాట ఎక్కువ గుచ్చుకుంటుంది. "కామాటిపుర అని చెప్తే ట్యాక్సీవాడు అద్దంలకెళ్ళి చూస్తడు. మీ నాయన స్కూల్ల చేరేటప్పుడు ముంబై సెంట్రల్ అని రాయించిన. మా అయ్యలు కట్టిన ఊరు ఇది. కామాటీలంటే వాళ్ళే, వాళ్ళ పేరు మీదనే గల్లీలకు పేరొచ్చింది. ఆ పేరును లోకం సానోళ్ళ గల్లీ పేరు చేసి పెట్టింది, చూసినవ్ గద. ఇన్నేండ్లు ఇజ్జత్‌తోని బతికి, ఇప్పుడు నా ఇంట్లకెళ్ళి ఇద్దరాడోళ్ళు నాచ్‌కు పోతున్నరంటే..."

"ఏమైతది?" అంది వజ్రమ్మ.

ఎవరికీ వినబడలేదు. కంపవాతం ఆమె చేతులను వణికించడంతో ఆగకుండా గొంతును కూడా సన్నం చేసింది. ఆమె ఏదైనా చెప్పాలంటే ఎవరో ఒకరు ఫ్యాన్ ఆపాలి. సపన చీర ఫాల్ కుడుతూనే చెయ్యి చాపి స్విచ్ నొక్కింది.

"ఏమైతది అంటున్న," వజ్రమ్మ మంచం మీది నుంచి మళ్ళీ అంది. "నేను ఆడితే నీ గోడలు కూలుతయా?"

పెద్దయ్య కోడలి వైపు చూడకుండా మనవరాలితో అన్నాడు. "మీ అమ్మకు చెప్పు. డాక్టరు నడిపియ్యమన్నడు. నడిపిచ్చుడు ఎంత పని? నేను నడిపిస్త. బుచ్చన్న హోటల్ దాంక తీస్కపోయి, చాయ్ తాపిచ్చి, తీస్కొస్త. పాట లేదు, ఆట లేదు."

సపన పెళ్ళై ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ మామ మాటలు ఇలాగే చుట్టు తిరిగి ఆమెను చేరుతున్నాయి. మొదట అత్త ద్వారా, తర్వాత భర్త ద్వారా, ఇప్పుడు కూతురి ద్వారా. ఆమె గురువారాల కోసమే దాచుకునే నీలం నూలు చీర కట్టుకుని, తల దువ్వుకుని, పొద్దుటి నుంచి ఒక్క మాట కూడా అనలేదు. ఇప్పుడు సూదిని బట్టకు గుచ్చి పక్కన పెట్టింది.

"సరే మామా," అంది. "మీరే తీస్కపోండి. నేను చెయ్యి పెట్ట."

 ఆ 'సరే'లో ఏముందో పెద్దయ్యకు అర్థం కాలేదు. వజ్రమ్మకు అర్థమైంది. ఆమె నవ్వితే ఇప్పుడు ముఖం పెద్దగా కదలదు, భుజాలే కదులుతాయి. అవి కదులుతున్నాయి.

"ఏందే నవ్వుతున్నవ్?"

"ఏం లేదు. అంగీ మార్చుకో. బయటికి పోతున్నం గద."

* * *

పెద్దయ్య ఎప్పుడూ ముందే నడుస్తాడు.

కొత్త పెళ్ళికూతురిగా వజ్రమ్మ పాలమూరు నుంచి వచ్చి రైలు దిగిన రోజున కూడా ఆయన ముందు, ఆమె వెనక. ఆ తర్వాత పనికి పోయినా, పెళ్ళిళ్ళకు పోయినా, పిల్లాడికి జ్వరమొస్తే దవాఖానకు పరుగెత్తినా అంతే. వాళ్ళ ఇళ్ళలో మగవాళ్ళు అలాగే నడుస్తారు. వెనక గాజుల చప్పుడు వినిపిస్తే చాలు, మనిషి వస్తున్నట్టే. తిరిగి చూడడం చిన్నతనం.

ఈ రోజు కూడా ఇస్త్రీ అంగీ వేసుకుని, "రా" అని, మెట్లు దిగి, చేతులు వెనక్కి కట్టుకుని బయల్దేరాడు. గల్లీ దాటి ఫోరస్ రోడ్డు మీదికి వచ్చేసరికి హారన్ల మోత, తోపుడు బళ్ళ అరుపులు. గాజుల చప్పుడు వినిపించే చోటు కాదది.

"చూసినవా, ఆ మూల చాళీ గూడ ఖాళీ చేస్తున్నరంట," అన్నాడు ముందుకే చూస్తూ. "పెద్ద బిల్డింగ్ లేస్తదంట. ఆ పక్క గోడ యాదికున్నదా? దానికి నువ్వే గమేళాలు అందిచ్చినవ్. నిండు నెలలతోని ఉన్నవ్ అప్పుడు. వద్దంటే ఇన్లే."

నడుస్తుంటే ఆయనకు కోపం కొద్దికొద్దిగా దిగింది. ఎదురుగా ముఖం లేకపోతే మాట సులువుగా వస్తుంది.

"నాచ్ మీద కాదే నా కోపం. గురువారం మధ్యాహ్నం మీరిద్దరు తయారై నవ్వుకుంట పోతరు. నేను ఒక్కన్నే గడియారం చూస్కుంట కూసుంట. ఏడికి పోతున్నరో నాకు తెల్వదు. బుచ్చన్నకు తెల్సు! నాకు చెప్తే ఏమైతుండె? తిడ్తుంటి. తిట్టి ఊకుంటుంటి."

ఎదురుగా వస్తున్న ఒకావిడ ఆయన్ని వింతగా చూసి పక్కకు తప్పుకుంది. పెద్దయ్య పట్టించుకోలేదు. ఇంకో మాట ఉంది. 

"ఒక్కమాట చెప్త. నీ కోడలు వచ్చినంక నువ్వు నాతోని మాట్లాడుడే తక్కువైంది."

అప్పటికి బుచ్చన్న హోటల్ వచ్చింది. హోటల్ అంటే రోడ్డు వారగా రెండు బెంచీలు, ఒక స్టవ్వు, దాని వెనక బుచ్చన్న.

"రెండు చాయ్," అన్నాడు పెద్దయ్య బెంచీ తుడుస్తూ. "ఒకదాంట్ల చక్కెర తక్కువ."

"రెండోది ఎవరికన్నా?"

"ఎవరికేంది? మీ వదినకు."

బుచ్చన్న గరిటె పట్టుకుని ఆయన భుజం మీదుగా చూశాడు. "వదిన ఏది?"

పెద్దయ్య అప్పుడు తిరిగి చూశాడు. వెనక వజ్రమ్మ లేదు. కూరగాయల బండి ఉంది. బండి పక్కన ఎవరిదో మేక ఆగి, ఆయన చెప్పింది అంతా విన్నట్టు ఆయన్నే చూస్తోంది.

"నువ్వు మూల మలిగినప్పటి సంది చూస్తున్న," అన్నాడు బుచ్చన్న మెల్లగా. "చేతులు ఎనక్కి పెట్టుకొని ఒక్కటే మాట్లాడుకుంట వస్తున్నవ్. పిల్లల లెక్క చెవుల పెట్టుకునే ఫోన్ కొనుక్కున్నవేమో అనుకున్న."

చాయ్ అక్కడే వదిలేసి పెద్దయ్య వచ్చిన దారినే పరుగు లాంటి నడకతో వెళ్ళిపోయాడు.

* * *

వజ్రమ్మ ఎక్కడికీ పోలేదు. గడప దగ్గరే ఉంది.

ఆయన "రా" అన్నప్పుడు ఆమె నిజంగానే లేచింది. మనాలి చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. రాతి గడప కనపడగానే కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. ఈ జబ్బుతో ఇదే తంటా. మనసు గడప దాటేస్తుంది, కాళ్ళు ఇవతలే ఉండిపోతాయి.

మనాలి చాళీలో ఖోలీలన్నిటి ముందూ సాగే గ్యాలరీ కటకటాల మీద నుంచి వంగి తాతను పిలవబోతే వజ్రమ్మ ఆపింది. "పోనీ. ఎంత దూరం పోతడో చూద్దాం."

సపన లోపల నిలబడి చూస్తోంది. చెయ్యి పెట్టనని మాటిచ్చింది గాని ఆ చేతులు ఊరుకోవడం లేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటాయి, విప్పుతాయి, మళ్ళీ సర్దుకుంటాయి. చివరికి ఒక స్టూలు తెచ్చి అత్త వెనక వేసి కూర్చోబెట్టింది.

"చెయ్యి పెట్టనంటివి గద," అంది వజ్రమ్మ.

"స్టూలు పెట్టనని అన్లే అత్తమ్మా."

పక్క ఖోలీ రత్నాబాయి చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చింది. వజ్రమ్మ చెయ్యి వణికినా ఒలకకుండా సగమే పోసింది. "ఏం వజ్రక్కా, అన్న నిన్ను ఇడిసిపెట్టే పోయిండా?"

"ఇడిసిపెట్టినట్టు ఆయనకు తెలిస్తే గద."

నవ్వులు గ్యాలరీ చివరి దాకా పాకాయి. ఇంకో రెండు తలుపులు తెరుచుకున్నాయి. పెద్దయ్య మెట్లెక్కి వగరుస్తూ వచ్చేసరికి అందరూ ఆయన కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉన్నారు.

"రాలేదేందే? ఫోరస్ రోడ్డు దాంక నేనొక్కన్నే మాట్లాడుకుంట పోయిన!"

"ఏం మాట్లాడినవ్?"

పెద్దయ్య చుట్టూ ఉన్న ముఖాలు చూశాడు. "ఏం లేదు. గోడల సంగతి."

"మళ్ళ చెప్పు, ఇప్పుడన్న ఇంట."

"ముందుగల్ల నువ్వు లెయ్యి," అని ఆమెను స్టూలు మీది నుంచి లేపి, మణికట్టు పట్టుకుని గుంజాడు.

ఒళ్ళు ముందుకు వచ్చింది. కాళ్ళు రాలేదు. వజ్రమ్మ నిలువునా ముందుకు వాలింది. సపన ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. ఒక చెయ్యి అత్త నడుం చుట్టూ, ఒక చెయ్యి భుజం కింద. ఇద్దరూ కొంచెం ఊగి ఆగారు.

 ఎవరి ఖోలీలోనో కుక్కర్ ఒక్కటే కూత పెట్టింది.

"గుంజితే వస్తనా?" అంది వజ్రమ్మ, ఊపిరి అందుకుని. "నేనేమన్న ఆవునా?"

పెద్దయ్య చేతులు వదిలేసి నిలబడ్డాడు. ఆయన ముఖంలో భయం ఉంది. అది చూసి నవ్వబోయిన రత్నాబాయి కూడా ఊరుకుంది. "అన్నా, సండాసుకు పోయేటప్పుడు సపన ఎట్ల తీస్కపోతదో ఎన్నడు చూడలేదా?" అని మాత్రం అడిగింది.

చూడలేదు. గ్యాలరీ చివరి మరుగుదొడ్డికి ఆడవాళ్ళు లేచి వెళ్ళేటప్పుడు ఆయన మర్యాదగా గోడవైపు తిరిగి కూర్చుంటాడు. చాళీలో పెద్దమనుషులందరూ అంతే. అందుకే తన ఖోలీ గడప దగ్గర ఏం జరుగుతుందో చాళీ అంతటికీ తెలుసు, ఆయనకు తప్ప.

"నా ముంగటికి రా," అంది వజ్రమ్మ. "అట్ల కాదు. ఇటు తిరుగు. నా దిక్కు."

"తిరిగితే నడుచుడు ఎట్ల?"

"ఎనక్కి నడువు."

"ఎనక్కా? ఇంతమంది ముంగట?"

"మేం గురువారం చేసేది అదే మామా," అంది సపన. మామతో ఆమె అంత పొడుగు మాట నేరుగా అనడం అరుదు. అన్నాక తనే కొంచెం తడబడింది. "రెండు చేతులు పట్టుకోండి. గుంజొద్దు. ముందుగాల అటు ఇటు ఊగాలె. అత్తమ్మ బరువు ఒక కాలి మీదికి పోతే రెండోది తేలికైతది. అప్పుడు మీరు ఎనక్కి జరగాలె."

పెద్దయ్య ఆలోచించాడు. ఆయన కనుబొమ్మలు పైకి లేచాయి. "అంటే... నిండు డ్రమ్ము జరిపినట్టా?"

గ్యాలరీలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నీళ్ళు నిండిన డ్రమ్మును ఈడ్చలేం. అంచు పట్టుకుని ఒక పక్కకు వంచి, ఇంకో పక్కకు వంచి, అలా నడిపించుకుంటూ పోవాలి. పొద్దున నల్లా వచ్చే వేళ చాళీలో ప్రతి ఇంటివాళ్ళూ చేసే పనే.

"అట్లనే మామా. సరిగ్గ అట్లనే," అంది సపన.

"నన్ను డ్రమ్మంటవా?" అంది వజ్రమ్మ.

ఈసారి రత్నాబాయి నవ్వు ఆపుకోలేదు.

పెద్దయ్య భార్య రెండు చేతులూ పట్టుకున్నాడు. అటు ఊగాడు, ఇటు ఊగాడు. మొదట ఇద్దరూ ఎదురుబొదురుగా ఊగి నుదుళ్ళు తగిలించుకున్నారు. "నేను ఎటు పోతే అటు," అంది వజ్రమ్మ. మళ్ళీ ఊగారు. ఆమె సన్నటి గొంతుతో ఏదో రాగం తీస్తోంది, క్లాసులో హితేష్ మాస్టర్ పెట్టే పాటది. మాటలు లేని ఆ రాగానికి బరువు కుడికాలి మీదికి దిగింది, ఎడమకాలు లేచింది, గడప దాటింది.

"దాటింది!" అని మనాలి అరిచింది. "షాబాష్ నానమ్మా!"

"ఎనక బకెట్ ఉన్నది అన్నా!" అని రత్నాబాయి అరిచింది. అప్పటికే తగిలింది. నీళ్ళు ఒలికాయి. గ్యాలరీలో జనం తమ తమ బకెట్లు, చెప్పులు, ఎండబెట్టిన మిరపకాయలు గబగబా పక్కకు లాక్కున్నారు. మధ్యలో దారి పడింది. ఆ దారిలో పెద్దయ్య వెనక్కి, వజ్రమ్మ ముందుకు.

నడుస్తున్న భార్య ముఖం ఆయన ఎన్నడూ చూడలేదు. కిందికి కాకుండా తనవైపే చూస్తోంది. ఎడమ కనుబొమ్మ చివర చిన్న మచ్చ ఉంది.

"ఇది ఎప్పుడైంది?"

"నాగ్‌పాడల పని చేసేటప్పుడు. గమేళా అంచు తగిలింది."

"నాకు చెప్పలే?"

"నువ్వు ముంగట పోయినవ్."

చివరి తలుపు దాకా వెళ్ళారు. అక్కడి నుంచి సపన అందుకుని అత్తను లోపలికి తీసుకువెళ్ళింది. పెద్దయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఇస్త్రీ అంగీ వీపంతా తడిసింది. సపన బయటికి వచ్చాక, గోడవైపు తిరిగే, మనాలి అక్కడ లేకపోయినా, ఆయన అడిగాడు.

"రోజు ఇట్లనేనా?"

"పిలిచినప్పుడల్ల, మామా. రాత్రి గూడ."



* * *

సాయంత్రం కొడుకు శైలేష్ పని నుంచి వచ్చేసరికి అటక మీద తండ్రి కాళ్ళు కనిపించాయి. ఊళ్ళోని లిఫ్టులన్నీ బాగుచేసే శైలేష్‌కు తన ఇంట్లో ఎవరు పైకెక్కినా భయమే. "నాయనా, దిగు! ఏం కావాలె?"

పెద్దయ్య రెండు జతల బూట్లు చంకలో పెట్టుకుని నిచ్చెన దిగాడు. మంచం అంచున కూర్చుని, భుజం మీది తువ్వాలతో వాటి దుమ్ము తుడిచాడు. అడుగున తోలు తిప్పి చూశాడు. "రబ్బరు కాదా?"

"రబ్బరైతే నేలకు పట్టుకుంటది తాతా. జారాలె," అంది మనాలి.

"ఊఁ."

అందరూ అన్నాలకు కూర్చున్నారు. పెద్దయ్య కలుపుకున్న ముద్ద పక్కన పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"నేను ఒకటి ఆలోచన చేసిన. వచ్చే గురువారం సంది నేనే పోత. మీ అమ్మను తీస్కొని. నేర్చుకుంట. బుచ్చన్న ఏమన్న అననియ్యి, పెండ్లాంతోని మొగడు పోతే అనేటిది ఏమున్నది?" అని, ఎన్నడూ లేనిది, కోడలి వైపు తిరిగాడు. "ఇగ నీకు ఆ కష్టం లేదు బిడ్డా. గురువారం నువ్వు ఇంట్లనే హాయిగ కూసో."

"క్యా బాత్ హై తాతా!" మనాలి చప్పట్లు కొట్టింది. శైలేష్ తేలికపడి నవ్వాడు. నాలుగు రోజులుగా భార్యకూ తండ్రికీ మధ్య నలిగి, ఫోన్లో తల దూర్చి బతికినవాడు. "ఇంకేం, లొల్లి ఖతం," అన్నాడు.

బిడ్డా అని పిలిచాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి. సపన సంతోషపడాలి. తలూపింది కూడా. తన కంచం తీసుకుని మూలనున్న మోరీ దగ్గరికి వెళ్ళి నల్లా తిప్పింది. కంచం కడిగింది. కడిగిన కంచాన్నే మళ్ళీ కడిగింది.

ఇంట్లో హాయిగా కూర్చోవడం అంటే ఎక్కడ? ఈ మంచం మీదా, ఆ కుర్చీలోనా?

భాయ్‌ఖళాలోని ఆ హాల్లో మొదట అందరూ తమ తమ వాళ్ళతో ఆడతారు. అత్తమ్మ ముందుకు, తను వెనక్కి. ఆ తర్వాత హితేష్ మాస్టర్ చప్పట్లు కొట్టి జోడీలు మారుస్తాడు. పెద్దవాళ్ళను ఆయన మనుషులు చూసుకుంటారు. చూసుకునేవాళ్ళు ఒకరితో ఒకరు ఆడొచ్చు, లేదా ఊరికే కూర్చుని చాయ్ తాగొచ్చు. మొదటిసారి సపన కూర్చోలేదు, అత్త మీదే కళ్ళు పెట్టి నిలబడింది. భర్తను చక్రాల కుర్చీలో తీసుకొచ్చే పార్సీ పెద్దావిడ దగ్గరికి వచ్చి హిందీలో అంది, భుజాలు దింపమ్మా, ఇక్కడ ఎవరూ పడిపోవడం లేదు అని. పేరు అడిగింది. తర్వాత చెయ్యి పట్టుకుని ఆడించింది. ఆ రోజు సపన వెనక్కి నడుస్తూ ఎవర్నీ మోయలేదు. ఎవరో తనను నడిపించారు, తను నడిచింది, అంతే. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, పొద్దున మొదలైన తలనొప్పి ఎప్పుడు పోయిందో తెలియనే లేదని.

ఇదంతా ఎవరికి చెప్పాలి? మామ మంచి మనసుతో ఇచ్చిన దాన్ని వద్దని ఎలా అనాలి? అంటే, అత్తను చూడడం బరువు కాదు, చూడకుండా ఉండే ఆ కాసేపు కావాలని చెప్పినట్టు కాదా?

"మమ్మీ, నల్లా బంద్ చెయ్యి. నీళ్ళు పోతున్నయ్," అంది మనాలి. "ఏమైంది?"

"ఏం లేదు."

వజ్రమ్మ అన్నం తినడం ఆపి కోడలి వీపునే చూస్తోంది. గురువారాల్లో, జోడీలు మారిన తర్వాత, ఎవరి చేతుల్లో ఊగుతున్నా ఆమె చూసేది కూడా ఆ వీపునే. ఆ భుజాలు దిగాయా లేదా అని. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఏదో అంది. టీవీ మోగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, శైలేష్ తండ్రికి బస్సు ఎక్కడ ఆగుతుందో వివరిస్తున్నాడు. ఎవరికీ వినబడలేదు.

వజ్రమ్మ వణికే చేత్తో స్టీలు గ్లాసును కంచానికి ఆనించింది. ఆ వణుకుకు గ్లాసు టకటకా మోగింది. మనాలి టీవీ కట్టేసింది. శైలేష్ ఫ్యాన్ ఆపాడు. మోరీ దగ్గర నల్లా ఆగింది.

"గురువారం నా జోడీ సపననే," అంది వజ్రమ్మ.

పెద్దయ్య కంచం పక్కకు జరిపాడు. "నేను నేర్చుకుంటనంటే గూడనా?"

"నేర్చుకో. రేపటి సంది గ్యాలరీ చివరి దాంక నువ్వే తీస్కపో, పొద్దున, మాపున. రాత్రి శైలేష్ లేస్తడు." కొడుకు ఉలిక్కిపడ్డాడు. ఆమె పట్టించుకోలేదు. ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "గురువారం మాత్రం మా ఇద్దరిది. నాకోసం కాదు. దానికోసం."

 సపన చేతిలోని కంచం నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె ఇటు తిరగలేదు. భుజాలు మాత్రం కొంచెం దిగాయి.

"మరి నేను?" అన్నాడు పెద్దయ్య. ఆ గొంతులో కోపం లేదు.

వజ్రమ్మ ఆయన వైపు చూసింది, మధ్యాహ్నం గ్యాలరీలో చూసినట్టే.

"రావాలనుంటే నువ్వు గూడ రా," అంది. "కాకపోతే, ఎనక నడువు."